అప్పయమ్మ గంజి

అన్నం వార్చాక గంజి పారబోస్తే అప్పయమ్మ ఊరుకోదు. ఈ రోజుల్లో గంజి పెట్టుకునే బట్టలు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఎవరికున్నాయి? అయినా మూతపెట్టి దాచి, మర్నాడు వంగమొక్కల మొదట్లో పోస్తుంది. ఆమె గంజి పెట్టిన బట్టలు వాటంతట అవే లేచి నిలబడతాయని ఆ లైనులో అందరికీ తెలుసు. ఆమె భర్త సన్యాసిరావు గార్డుగా ఉన్నన్నాళ్ళూ, ఆయన తెల్ల యూనిఫాం డ్యూటీ వేళకి దండెం మీంచి దిగి గుమ్మంలో నిలబడేది. "గార్డుగారూ, మీకంటే మీ కోటే ముందు తయారయ్యింది," అని పక్కింటివాళ్ళు నవ్వేవారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు. డ్యూటీకి గుమ్మంలో నిలబడ్డవాళ్ళని వెనక్కి పిలవకూడదన్నది మాత్రం ఆ ఇంట్లో నియమం. జ్వరమొచ్చినా, కూర మాడినా, మొగుడూ పెళ్ళాలకి మాటల్లేకపోయినా సరే.

ఆయన పోయాక కూడా యూనిఫాం రోజూ వేళకి గుమ్మంలో నిలబడింది. చూడలేక అప్పయమ్మ దాన్ని నీళ్ళలో ముంచి, గంజి వదిలేదాకా పిండి, ట్రంకుపెట్టెలో ఆయన మిగతా యూనిఫాంల కింద పెట్టేసింది. ఆ తర్వాత ఏ బట్టకీ గంజి పెట్టలేదు.

మనవరాలు భానుప్రియకి ఫొటోలు తియ్యడమంటే ప్రాణం. తఖత్‌పూర్‌లో చీరల దుకాణం నడిపే రాజశ్రీ తన చీరలన్నీ ఫోన్లో పెట్టి అమ్మాలనుకుంటోంది. సోమవారం వచ్చి తీసి చూపించు, నచ్చితే ఏడాది పొడుగునా పని నీదే అంది. ఆ దుకాణం గోడలది ముదురు గులాబీ రంగు, వాటి నిండా క్యాలెండర్లు. అందుకని వెనకాల కట్టే తెర మాత్రం నువ్వే తెచ్చుకోమంది.

భానుప్రియ తండ్రి వేణుగోపాల్ లోకో షెడ్డులో ఫిట్టరు. సరిగ్గా అదే సోమవారం కూతుర్ని ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరుస్తానని మాటిచ్చేసి వచ్చాడు.

"పాపా, ప్లీజ్, ఏక్ బార్ ట్రై చెయ్యనీ," అని భానుప్రియ తండ్రిని బతిమాలింది.

"ఫొటోలు తియ్యడం డ్యూటీ ఏటమ్మా? సరదా అది. ఆదివారం తీసుకో."

తెర కొనాలంటే ఖరీదు. ఇంట్లోనే చేద్దామని భానుప్రియ ప్లాస్టిక్ పైపులు నిలబెట్టి, పాత దుప్పటి వేసి, బట్టల క్లిప్పులు పెట్టింది. దుప్పటి నిండా నెమళ్ళు. తిరగేస్తే అటూ నెమళ్ళే. ఫ్యాను వెయ్యగానే పైపులతో సహా అంతా వచ్చి వేణుగోపాల్ పప్పన్నంలో పడింది.

"చూసేవా?" అన్నాడు అతను, నెమలి తోక పళ్ళెంలోంచి తీస్తూ.

ఆ పిల్ల మొహం చూసి అప్పయమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. తెల్ల కోట్లూ, ప్యాంట్లూ బయటికి తీసి, కత్తెర చేతికిచ్చింది.

"తాతగారివి కొయ్యడమా? నహీ నాన్నమ్మా, నా వల్ల కాదు."

"కోస్తేనే నయమే గుంటా. కోటులాగుంటే మళ్ళీ ఆయన కోసమే చూస్తాది. తెరయిపోతే నీకోసం చూస్తాదేమో."

కుట్లు విప్పి, ముక్కలు కలిపి మిషను మీద కుట్టారు. అప్పయమ్మ గంజిలో చిటికెడు నీలిమందు కలిపి, గుడ్డని ముంచి నీడన ఆరేసింది. గంజికి అతుకులన్నీ అణిగిపోయాయి. ఒకప్పటి జేబుల చోట మాత్రం కాస్త తెలుపెక్కువ. ఆరాక తెర దిగి వరండాలో తిన్నగా నిలబడింది. నాలుగు చుక్కలు చిలకరిస్తే చాపలా చుట్టుకుంటుంది, విదిలిస్తే లేస్తుంది. పైపులూ అక్కర్లేదు, క్లిప్పులూ అక్కర్లేదు.

సన్యాసిరావు డ్యూటీకి వెళ్ళే వేళకి అప్పయమ్మ పీట వేసుకుని దాన్నే చూస్తూ కూచుంది. తెర కదల్లేదు. గుమ్మం వైపు తిరగను కూడా తిరగలేదు.

"ఇంక రాడని దీనికి తెలిసిపోయింది," అంది. కొంచెం ఊరట కలిగింది. అంతకన్నా ఎక్కువ దుఃఖం కలిగింది. ఆయన పోయిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది.

సోమవారం పొద్దున్న వేణుగోపాల్ స్కూటర్ స్టార్టు చేసి కూతురి కోసం చూస్తున్నాడు. తండ్రి మాట కాదనలేక ఆఫీసుకి వెళ్ళడానికే సిద్ధపడి భానుప్రియ లోపల జడ వేసుకుంటోంది. కెమెరా బీరువాలో పెట్టేసింది. రాజశ్రీకి రాలేనని ఎలా చెప్పాలో తెలియక ఫోను బోర్లా పెట్టింది.

"భానూ, రా..." అని పిలవబోయి అతను ఆగిపోయాడు. వరండాలోంచి తెర నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎండ పడి జేబుల చోట్లు మెరిశాయి. చిన్నప్పుడు తండ్రి టిఫిన్ డబ్బా పట్టుకుని అతను ఆ జేబుల పక్కనే నిలబడేవాడు.

స్కూటర్ ఆపేశాడు. తెరకి తగలకుండా పక్కనుంచి లోపలికి వెళ్ళి, బీరువాలోంచి కెమెరా తీశాడు. కూతురి టిఫిన్ డబ్బాతో కలిపి దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"అలా చూస్తావేటి? తఖత్‌పూర్ బస్సు వెళ్ళిపోతాది. పద."

తెరని చుట్టి చంకన పెట్టుకుని భానుప్రియ మలుపు తిరిగేదాకా ఇంట్లో ఎవరూ వెనక్కి పిలవలేదు. అప్పుడు వేణుగోపాల్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"మా అమ్మాయి రాదండీ," అన్నాడు హిందీలో. "డ్యూటీకి వెళ్ళింది."