అటక మీద మిగిలిన చీర

నీళ్ళు తగ్గాక మాబున్నీసాకు మిగిలినవి రెండే చీరలు. ఒంటి మీదున్న పాతది ఒకటి, అటక మీద రేకుపెట్టెలో ఉన్నది ఒకటి. మిగతా గుడ్డలన్నీ ఏది చీరో ఏది దుప్పటో తెలియకుండా బురదలో కలిసిపోయినయ్. అటక మీది చీర గోపాలకృష్ణయ్య పెట్టింది. ఆకుపచ్చది, జరీ అంచు. అందుకే దాని జోలికి పోకుండా, ఉన్న పాతదాన్నే ఉతుక్కుంటా ఆరబెట్టుకుంటా నెట్టుకొస్తంది.

ఆ చీర సంగతి ముందు చెప్పాలి. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు వైపు గోపాలకృష్ణయ్య ఒక మేడ కట్టాడు. కింద నాలుగిళ్ళు, పైన నాలుగిళ్ళు. ఒకే మేడలో ఇన్ని కుటుంబాలు ఎవరిల్లు వాళ్ళు కొనుక్కోవడం అప్పటికి ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. జనం వచ్చి వింతగా చూసిపోయేవాళ్ళు. గోపాలకృష్ణయ్య పొలాలున్న ఆసామి, పార్టీలో తిరిగే మనిషి, నోరు తెరిస్తే తేనె. పైన ఒక ఇల్లు తనకని ఉంచుకుని మిగతా ఏడూ అమ్మాడు. ఇళ్ళు అప్పజెప్పిన రోజు ఏడుగురు ఆడవాళ్ళనూ వరసగా పీటల మీద కూర్చోబెట్టి, "మీకు పుట్టింటివాణ్ణి నేను" అని తలా ఒక చీర పెట్టాడు. హిందువులకు పసుపూ కుంకుమా, మాబున్నీసాకేమో మల్లెపూలూ ఖర్జూరాలూ. ఎంత తెలివి చూడండి! అన్నా అని చీర తీసుకున్నాక వీధిలో నిలబడి ఆయన్ను ఒక మాట అనేందుకు ఏ ఆడదానికి నోరొస్తది? అందరూ చీర మడత విప్పి మురిసిపోయారు గానీ, ఆ మేడ ఏ పల్లంలో కూర్చుందో ఒక్కళ్ళూ చూడలేదు. మగాళ్ళు అంతకన్నా ఘనులు. బామ్మర్దుల్లాగా బంతిలో కూర్చుని తిని, తాంబూలం వేసుకుని లేచారు.

ఆ పల్లం పై పొలాల వాన నీళ్ళు దిగే దారి. రోడ్డు కింద ఒక తూము ఉండేది. నీళ్ళు దాంట్లోంచి అవతలి కాలవలోకి పోయేవి. గోపాలకృష్ణయ్య మేడ ముందు వాకిలి చదునుగా, దర్జాగా ఉండాలని ఆ తూము మూతికి రాళ్ళు పేర్చి, పైన ఎర్రమట్టి తోలించాడు. ఆ పని జరిగేటప్పుడు చూసింది మాబున్నీసా ఒక్కతే. కొత్తగోడలకు నీళ్ళు కొట్టడానికి ఆమె రోజూ బిందె చంకన పెట్టుకుని వచ్చేది. "అన్నా, నీళ్ళెటు పోతయ్?" అని అడిగింది కూడా. "నీళ్ళ సంగతి నాకొదిలెయ్ చెల్లెమ్మా" అన్నాడాయన. వదిలేసింది.

నీళ్ళు మాత్రం వదలలేదు.

మిట్టమధ్యాహ్నం వచ్చినయ్. మాబున్నీసా మొగుడు మీరా సాహెబ్ పిడుగురాళ్ల రోడ్డులో లారీల షెడ్డు దగ్గర ఉన్నాడు. అతను మెకానిక్కు. ఇంట్లో మాబున్నీసా, మంచం దిగలేని అత్త జాహెదా. నీళ్ళు గడప దాటి మంచం కోళ్ళు ముంచేదాకా ఇద్దరికీ అర్థం కాలేదు. తలుపు తీయబోతే నీళ్ళ ఒత్తిడికి కదల్లేదు. ముసలామెను ఎత్తి కుట్టుమిషను బల్ల మీద కూర్చోబెట్టి, నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, ఆమె రెండు రెట్టలూ పట్టుకుంది. అట్టా ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలీదు. ముసలామె జారిపోతా ఉంటే పైకి లాగడం, మళ్ళీ జారడం, మళ్ళీ లాగడం. పైఇంటి యేసుపాదం మాస్టారు కిటికీ ఊచలు గడ్డపారతో ఊడగొట్టి ఇద్దరినీ బయటికి లాగాడు.

ఆ రోజు నుంచి మాబున్నీసా చేతులు ఆమెవి కానట్టు ఉన్నయ్. బురద ఎత్తుతయ్, గిన్నెలు తోముతయ్, కానీ ఏదీ తగిలినట్టుండదు. కుట్టుమిషను తుప్పుపట్టి పోయిందని మొగుడు చెపితే "ఔనా" అంది. కింది ఇంటి వెంకాయమ్మ, "ఏమే, ఒక్కసారి ఏడువు, కడుపులో బరువు దిగుద్ది" అంటే "రావడం లేదక్కా" అంది. పైన సరస్వతమ్మ గారి వసారాలో పడుకోబెట్టిన అత్త మాత్రం రోజూ ఒకటే మాట అడుగుద్ది. "ఇంటికెప్పుడు పోదామే?" మాబున్నీసా జవాబు చెప్పదు. ఇంటికి పోతే మళ్ళీ వానొస్తే? ఈసారి ఈ చేతులు పట్టుకోగలవా? ఆమెకున్న భయమల్లా అదొక్కటే.

కిందివాళ్ళు నలుగురూ కలిసి గోపాలకృష్ణయ్య ఇంటికి పోయారు, కడిగేద్దామని. పోగానే కాఫీలొచ్చినయ్, ఇడ్లీలొచ్చినయ్. "నా చెల్లెళ్ళ ఇళ్ళు మునిగినయ్యే!" అని ఆయన తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వీళ్ళు ఆయన్ను ఓదార్చి తిరిగొచ్చారు. దారిలో వెంకాయమ్మకు ఒళ్ళు మండింది.

"ఒసే, మనం పోయింది కొట్లాటకా, పరామర్శకా?"

రెండోసారి పోతే ఆయన ఊళ్ళో లేడన్నారు. మూడోసారి కుక్కను విప్పి ఉంచారు. ఒకప్పుడు అక్కడ తూముండేదని ఊళ్ళో విని, చివరికి యేసుపాదం మాస్టారు అర్జీ పెట్టాడు. మండలాలు వచ్చిన కొత్త అది. ఎమ్మార్వో గారే స్వయంగా వచ్చి చూస్తానన్నారు.

ఆ కబురు విన్న సాయంత్రమే గోపాలకృష్ణయ్య మాబున్నీసా గడపలో ప్రత్యక్షమయ్యాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె పైకి దోపుకుని, బురదలో నిలబడ్డాడు. అప్పుడు కూడా నవ్వు మొహమే.

"చెల్లెమ్మా, పైన ఒక ఇల్లు తాళమేసి ఉంచాగా, అది నువ్వు తీసుకో. ఈ కిందిది నాకిచ్చెయ్. పెద్దామెకు ఇంక నీళ్ళ భయం ఉండదు."

మాబున్నీసా చీపురు ఆపింది.

"నన్నేం చెయ్యమంటావన్నా?"

"ఏం చెయ్యొద్దు. అబద్ధం కూడా చెప్పొద్దు. తూము సంగతి ఎత్తమాక, అంతే. అన్న మీద రచ్చకెక్కే ఆడబిడ్డ ఎక్కడన్నా ఉంటదా?"

ఆయన పోయాక మీరా సాహెబ్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అతని మొహంలో ఎన్నాళ్ళకో ప్రాణం వచ్చింది.

"ఒప్పుకో. అమ్మ పైన ఉంటది. ఇంకేం కావాలే మనకు?"

"వెంకాయమ్మక్క పిల్లలు కిందే ఉంటారుగా."

"వాళ్ళ పాట్లు వాళ్ళు పడతారు." ఆ మాట అనేసి అతను తల దించుకున్నాడు.

ఆమె మళ్ళీ చీపురు అందుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు ఏమీ అనిపించలేదు. పైఇల్లు కావాలని ఉంది. ఆ ఇంట్లో అత్త మంచం ఎక్కడ వేయాలో కూడా తోచింది. గెంటేసినా పోకుండా ఆ మంచం కళ్ళముందే నిలబడింది.

ఎమ్మార్వో గారు వచ్చే రోజు పొద్దున సన్నగా తుంపర. పాత చీర ఉతికి ఆరేస్తే ఆరలేదు. ఒంటికి సరస్వతమ్మ ఇచ్చిన దుప్పటి చుట్టుకుని మాబున్నీసా కాసేపు ఆలోచించింది. తర్వాత స్టూలెక్కి రేకుపెట్టె దించింది. దుప్పటితో ఆఫీసరు ముందుకు ఎట్టా పోతది?

ఆకుపచ్చ చీరలో ఆమె బయటికి రాగానే అందరి చూపులూ అంచు మీద పడ్డయ్. వెంకాయమ్మ పైనుంచి కిందిదాకా చూసి, మొహం అటు తిప్పుకుని, పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. "అమ్ముడుపోయింది" అని ఎవరో గొణిగారు. మాబున్నీసాకు వినపడింది. వినపడినా ఎక్కడా తగల్లేదు.

వాకిట్లో చీలమండ లోతు నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నయ్. కుర్చీ వేస్తే ఎమ్మార్వో గారు కూర్చోలేదు.

"ఇక్కడ తూము మూసేశారని అర్జీలో రాశారు. ఎక్కడుంది?"

"తూమేందండీ! ఇక్కడ తూమే లేదు" అన్నాడు గోపాలకృష్ణయ్య. "ఆకాశం చిల్లుపడ్డట్టు కురిస్తే నేనేం జేసేది? కడుతున్నన్నాళ్ళూ రోజూ వచ్చి చూసింది మా చెల్లెలే. ఆమెనడగండి." అంటానే మాబున్నీసా వైపు తిరిగి ఆయన మొహం వెలిగిపోయింది. "చూడండి, నేను పెట్టిన చీరే కట్టుకొచ్చింది. కష్టమొచ్చినా అన్నను మరవని మనిషి."

ఎమ్మార్వో గారు ఆమె వైపు చూశారు. పైన వసారాలోంచి సరస్వతమ్మ తొంగి చూసింది. ఆమె వెనక ముసలి గొంతు వినపడింది. "ఇంటికెప్పుడు పోదామే?"

మాబున్నీసా పెదవి తడుపుకుంది.

"మిగతా చీరలన్నీ నువ్వు కట్టిన ఇంట్లోనే మునిగినయ్ అన్నా. ఇదొక్కటే అటక మీదుండి బతికింది. వేరేది లేక కట్టుకున్నా."

గొంతు పెంచలేదు. వీధికొళాయి దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది. ఆమె నీళ్ళలోకి దిగి, రోడ్డు అంచున ఒకచోట ఆగి, కాలితో చూపించింది.

"తూము ఇక్కడుందండి. ముందు రాళ్ళు పేర్చారు. తర్వాత ఎర్రమట్టి. నీళ్ళెటు పోతయ్ అన్నా అని నేనడిగా కూడా."

మొదట కదిలింది మీరా సాహెబే. భార్య వైపు చూడకుండానే మాస్టారి గడ్డపార లాక్కుని, ఆమె చూపించిన చోట దించాడు. నాలుగు పోట్లకు రాయి ఖంగుమంది. ఇంకో ఇద్దరు లుంగీలు ఎగ్గట్టి దిగారు. రాళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చినయ్. ఎమ్మార్వో గారు తనతో వచ్చిన మనిషికి ఏదో రాసుకోమని చెపుతున్నారు. గోపాలకృష్ణయ్య జేబులోంచి పైఇంటి తాళంచెవి తీసి, చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"బాగుందమ్మా, చానా బాగుంది. నీకింక పుట్టిల్లు లేదనుకో" అని రోడ్డెక్కాడు. ఆయన నోట ఆమె చెల్లెలు కాకుండా పోవడం అదే మొదటిసారి.

చివరి రాయి కదలగానే తూము గుటగుటమంది. వాకిట్లో నీళ్ళు ఒక్కసారిగా అటు మళ్ళినయ్. మాబున్నీసా పాదాల మీదుగా, చీర అంచు తడుపుకుంటా, చల్లగా పోతన్నయ్. ఆ చలి ఆమెకు తెలిసింది. పాదాలకు తెలిసింది, పిక్కలకు తెలిసింది, తర్వాత చేతులకు. అప్పుడు చేతులు నొప్పి పెట్టినయ్. ముసలామెను పట్టుకున్న నాటి నొప్పి అంతా ఇప్పుడొచ్చింది. ఆమె రెండు చేతులూ పొట్టకు అదుముకుని ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయి, నోరు పెట్టి ఏడ్చింది. వెంకాయమ్మ పరుగున వచ్చి పక్కనే బురదలో కూలబడింది. "నా నోరు పడిపోను, నిన్ను అనుమానించాను కదే" అంటా ఆ చేతుల్ని తన ఒళ్ళోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది.

"కింద ఎవరే ఏడిచేది?" అంది పైనుంచి జాహెదా.

"నేనే అత్తా."

"ఎందుకే?"

"నీళ్ళు పోతన్నయ్ అత్తా" అంది మాబున్నీసా వెక్కుతా. "ఇల్లు ఆరాక నిన్ను దించుకుంటా."