ఏడో నంబరు ఇల్లు

ఆరో నంబరు ఇంటి అరుగు ఊడ్చి ఏడో నంబరు ముందుకు వచ్చాక పగిడయ్య చీపురు గోడకు ఆనించాడు. పొద్దున్నుంచి ఎడమ భుజం సలుపుతోంది. మెడలోని తువ్వాలు తీసి తలుపుకున్న తాళాన్ని మెల్లగా తుడిచాడు. మిగతా ఇళ్ళ తాళాలను అతను తుడవడు.

ములకలపల్లి దాటాక అడవి అంచున పేదల కోసం కట్టిన ఇరవై నాలుగు ఇళ్ళకు అతను కాపలాదారు. మూడేళ్ళుగా ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. కాగితాల్లో మాత్రం అన్నింటా మనుషులున్నారు. కాగితాల ప్రకారం పగిడయ్య ఏడో నంబరులో కాపురముంటున్నాడు. నిజానికి లోపల ఉన్నవి భాస్కర్ సిమెంటు బస్తాలు. ఆ ఇళ్ళు కట్టిన కాంట్రాక్టరు భాస్కరే. ఆ ప్రాంతపు నాయకుడి మనిషీ అతనే. ఆఫీసుకు వెళ్ళి అడిగితే, ఇల్లు ముట్టినట్టు వేలిముద్ర ఉందని చూపించారు. ముద్ర తనదే. ఎప్పుడు వేశాడో గుర్తులేదు. గుర్తు లేకపోవడం తన తప్పేనని చాలాకాలం అనుకున్నాడు.

పోయిన వానల్లో గుడిసె మట్టిగోడ కూలి భార్య జంపక్క చెయ్యి విరిగింది. పొద్దున జావ పోస్తూ ఆమె అంది: "ఈ వానలకు ఆ గోడ కింద నేను పండుకోను. నువ్వు ఏమన్న చెయ్యి, చెయ్యకపో."

బైకు వచ్చి ఆగింది.

"పగిడయ్య తాతా, జల్దీ నడు. సార్ వస్తుండు. ఫొటోల నీ మొకం మంచిగొస్తది." భాస్కర్ అతని మెడలో పార్టీ కండువా వేశాడు.

"పోయిన ఎలచ్చన్లల వేరే రంగు వేస్తివి."

"నా మెడల గూడ అదే ఉండె గద! గిప్పుడేంది?"

సభలో నాయకుడు అతన్ని దగ్గరకు లాక్కుని, "ఈ తాత నా తండ్రి లెక్క" అన్నాడు. అరచేతిలో కొత్త తాళంచెవి పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. అది ఏడో నంబరుది కాదని వేళ్ళకు వెంటనే తెలిసింది. మనసు ఒప్పుకోలేదు. అతని గూడెంలో నలుగురి ముందు చేతిలో పెట్టినదాన్ని తిరిగి అడగరు. అడిగినవాడి పక్కన కూర్చుని ఎవరూ తినరు.

మెట్లు దిగగానే భాస్కర్ చెయ్యి చాపాడు.

"కీ ఇటియ్యి తాతా. రేపు ఇల్లందు మీటింగుకు కావాలె."

"ఇయ్య. నలుగురి ముంగట ఇచ్చిండు."

"ఫొటోకిచ్చిండు, నీకా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. భాస్కర్ కూడా నవ్వాడు. "ఉంచుకో తియ్యి, మొలతాడుకు కట్టుకో. నా షాపుల గసొంటివి డజనున్నయ్."

భాస్కర్ కోప్పడి ఉంటే బాగుండేది. పగిడయ్య ఎండలో నడుస్తున్నంతసేపూ ఆ నవ్వు వెంటే వచ్చింది.

పొద్దున ఆపిన చోటినుంచి మొదలుపెట్టి ఏడో నంబరు అరుగు ఊడ్చాడు. తర్వాత తాళంచెవిని తాళంలో పెట్టి నెట్టాడు. సగం దిగి ఆగింది. తిప్పితే తిరగలేదు, లాగితే రాలేదు. అరచేయి నొప్పి పుట్టేదాకా లాగి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మూడేళ్ళలో ఆ అరుగు మీద కూర్చోవడం అదే మొదలు. స్లాబు నీడ చల్లగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం జంపక్క జావ గిన్నెతో వెతుక్కుంటూ వచ్చింది.

"ఇగో, లెవ్వు. ఎవలింటి ముంగట కూసున్నవో ఎరికేనా?"

భుజం కదిపితే తల పక్కకు వాలింది. ఆమె గిన్నె కింద పెట్టి, చాలాసేపు అతని పక్కనే కూర్చుంది.

మూడో రోజు భాస్కర్ బస్తాల కోసం వచ్చాడు. తన దగ్గరున్న తాళంచెవి తాళంలో దూరలేదు. ఇనుపరాడ్డుతో కొట్టి ఊడదీసి, బస్తాలు బండికెక్కించి, తలుపుకు కొత్త తాళం వేసి వెళ్ళిపోయాడు. పాత తాళం, సగం దిగిన చెవితో, అరుగు మీదే ఉండిపోయింది. చుట్టూ సిమెంటు దుమ్ము. తువ్వాలు రుద్దిన మెరుపు మాత్రం దానిమీద ఇంకా పోలేదు.