చెవి వెనక సారువ

మేడలు కట్టేటప్పుడు కూలీలు నిలబడటానికి గోడల చుట్టూ కర్రలతో సారువలు కట్టే మేస్త్రి పొరుగూరి పని నుంచి వారానికోసారి ఇంటికొస్తాడు. వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, రెండేళ్ల కూతురి చెవి వెనక జుట్టు పక్కకు తీసి చూస్తాడు. అక్కడ చీపురుపుల్ల ముక్కలంత సారువలు బారులు తీరి ఉంటాయి. పిల్ల కొత్తగా ఏది నేర్చుకున్నా దానికొకటి లేస్తుంది. చెంచాకొకటి, పిల్లికొకటి, పక్కింటి అత్తకొకటి. నాన్న సారువ మాత్రం అతనున్న రోజు లేచి, మళ్లీ వచ్చేలోగా దిండు మీద రాలిపోతుంది. అందుకే అతను గడప తొక్కగానే పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది.

"అందరికీ ఉండేదే," అంది పిల్లల డాక్టరమ్మ. "మెదడులో ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య అతుకులు పడతాయి. అవి ఊడిపోకుండా కొన్ని ప్రోటీన్లు సారువలా పట్టుకుంటాయి. మీ పాపకు కాస్త బయటికొచ్చింది, అంతే. దువ్వేటప్పుడు జాగ్రత్త."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఊళ్లో సగం మేడలు తను కట్టిన సారువల మీద లేచినవే. కన్నకూతురి తలలో తనదొక్కటి నిలవదా? పిల్ల నిద్రపోతుంటే దారం తెచ్చి, తన బక్క సారువను పక్కనున్న గట్టిదానికి బిగించి కట్టాడు. పనిలో రోజూ చేసేదే. కాకపోతే ఆ పక్కది పిల్లి సారువ.

నిద్ర లేవగానే పిల్ల వెళ్లి పిల్లిని కావలించుకుని "నాన్నా!" అంది. మేస్త్రి ముందు పాలగిన్నె పెట్టింది.

భార్య పడీ పడీ నవ్వింది. "తాగండి. నాన్నగారికి కూడా కాస్త మిగల్చండి!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ దారం విప్పించింది. "కట్లతో గట్టిపడదండీ. రాకపోకలుంటేనే ఆ అతుకు నిలుస్తుంది. రోజూ పాపకు కనిపించండి."

ఆ సాయంత్రమే కంట్రాక్టరు కబురు పెట్టాడు. దూరపు నగరంలో పెద్ద మేడ, రెండేళ్ల పని, పది రోజుల్లో జీపు పంపిస్తానన్నాడు. జీపొచ్చేదాకా మేస్త్రి ఇల్లు కదల్లేదు. పిల్లకు అన్నం తినిపించాడు, గుర్రమయ్యాడు, తన్నులు తిన్నాడు. ఏడుపు తగ్గింది గానీ పిల్ల నోట నాన్న అన్న మాట రాలేదు. మేస్త్రి మనసు రాయి చేసుకుని పెట్టె సర్దుకున్నాడు.

బయల్దేరే రోజు పొద్దున అతను స్నానం చేస్తుంటే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఒళ్లంతా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పిల్ల అతని పక్క మీద కూర్చుని, దుప్పటి ఎత్తి చూస్తూ, దిండు కింద వెతుకుతూ ఏడుస్తోంది.

"నాన్న ఏడీ?"

బయట జీపు హారన్ మోగింది.

"ఏమండీ, వాళ్లకేం చెప్పమంటారు?" అంది భార్య.

"వెళ్లిపొమ్మను," అన్నాడు మేస్త్రి, సబ్బు ఒంటితోనే పిల్లను ఎత్తుకుంటూ.