తూర్పు ఖాళీగా ఉన్న చోటు

మాది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక కారు. నేర్పేది మా ఆయన. ఫోన్లెత్తేదీ, ఎవరు ఏ టైముకి రావాలో చెప్పేదీ, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి గడ్డి పెట్టేదీ నేను. ఆయన ఏ వేళకి ఎక్కడుంటాడో నాకు తెలియకుండా ఉండటానికి వీల్లేదు. అలాంటిది సాయంత్రం క్లాసు నుంచి రోజూ ఆలస్యంగా రావడం మొదలుపెడితే నాకు అనుమానం రాదా?

సాయంత్రం క్లాసు మందుల షాపావిడది. చక్కటి మనిషి. నవ్వితే ఇంకా చక్కగా ఉంటుంది, ఆ నవ్వే నాకు నచ్చదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళని పార్కు చుట్టూ తిప్పి తీసుకొస్తే చాలు. కానీ కారు టైర్లకి ఒకరోజు ఎర్రమట్టి, ఇంకోరోజు సిమెంటు దుమ్ము. మా పార్కు చుట్టూ ఉన్నది తారురోడ్డు.

ఆలస్యమెందుకని అడిగితే, “ట్రాఫిక్కు,” అన్నాడు.

“ట్రాఫిక్కులో ఎర్రమట్టి ఎక్కడిదండీ?”

“దారి తప్పాం.”

ఊళ్ళో సగం మందికి దారులు నేర్పినవాడు దారి తప్పాడట. నా చెవిలో పువ్వులు కనిపించాయి కాబోలు.

ఓ మధ్యాహ్నం నేను గదిలోకి అడుగుపెడుతుంటే ఆయన ఫోన్లో గుసగుసలాడుతున్నాడు. “తూర్పు వైపు ఏమీ అడ్డం ఉండకూడదండీ. జనం కూడా లేకపోతే మరీ మంచిది. అబ్బే, మా ఆవిడకి చెప్పలేదు. చివరిదాకా చెప్పను కూడా.” నన్ను చూసి టక్కున పెట్టేశాడు.

తూర్పు అడ్డం ఉండకూడదు, జనం ఉండకూడదు, పెళ్ళానికి తెలియకూడదు. అంటే ఇంటి స్థలం చూస్తున్నాడన్నమాట. నాకు చెప్పకుండా ఎవరికోసం కడతాడు ఆ ఇల్లు?

మా అక్కకి ఫోన్ చేస్తే, “పిచ్చి మొహమా, నేరుగా అడిగెయ్యవే,” అంది. అడిగితే చెప్పేవాడైతే దాచడమెందుకు? అయినా నిజం చెప్పొద్దూ, అడగడానికి నాకు భయమేసింది. అవునంటాడేమోనని. ఆయన లేకపోతే నాకు ఆ గదీ లేదు, ఆ ఫోనూ లేదు, పోట్లాడటానికి మనిషీ లేడు.

మర్నాడు సాయంత్రం గదికి తాళం పెట్టి, స్కూటరేసుకుని వాళ్ళ వెనకే పడ్డాను. నేర్చుకునేవాళ్ళ కారు వెంటపడటం ఎంత కష్టమో పడితేగానీ తెలియదు. అది ఆగినప్పుడల్లా నేనూ ఆగాలి, నా వెనకవాళ్ళంతా హారన్లు కొడతారు. మందుల షాపావిడని తిట్టాల్సినదానికంటే నాలుగు ఎక్కువే తిట్టుకున్నాను. ఊరు దాటి, గోడౌన్లు దాటి, లారీలు నిలిపే మైదానం దగ్గర వాళ్ళు ఆగారు. నేను ఓ లారీ చాటున నక్కాను.

ఇద్దరూ దిగారు. సూర్యుడు దిగిపోతున్నాడు. మా ఆయన సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ముందుకి సాగిన తన నీడ వెంబడే చెయ్యి చాపి ఏదో చెప్పాడు. అటు చూస్తే ఒట్టి బీడు. ఆవిడ నవ్వింది. మళ్ళీ అదే నవ్వు. ఆయన కాస్త పక్కకి జరిగి మళ్ళీ నీడ చూసుకుని, తృప్తిగా తలూపాడు. వంటిల్లు ఎటో, పడకగది ఎటో తేల్చుకుంటున్నాడని నాకు రూఢి అయిపోయింది.

ఇంటికొస్తూనే ఆవిడకి ఫోన్ చేశాను. “రేపట్నుంచి మీకు పొద్దున బ్యాచ్ అండీ.” ఎందుకని ఆవిడ అడిగితే, సాయంత్రం వెలుతురు చాలదని చెప్పాను.

ఆ వారం చివర్లో ఆయన, “ఇవాళ సాయంత్రం ఎవరికీ క్లాసు పెట్టకు. నువ్వు నాతో రావాలి,” అన్నాడు. చెప్పేస్తాడన్నమాట. ఆ స్థలంలోనే నిలబెట్టి చెప్తాడన్నమాట. పళ్ళు బిగించి కారెక్కాను. ఆయన నడుపుతున్నాడు, రోజూ ఆయన కూర్చునే పక్కసీట్లో నేను కూర్చున్నాను.

ఊరు దాటేదాకా కూడా ఆగలేకపోయాడు. “ఇవాళ చంద్రగ్రహణం. చంద్రుడు పట్టిన గ్రహణంతోనే వస్తాడు, కాసేపట్లో వదిలేస్తుంది. మేడల పైకొచ్చేదాకా ఆగితే ఇంకేముంటుంది చూడటానికి? పోయినసారి నిన్ను డాబా ఎక్కించి చూపించింది హోర్డింగు వెనకభాగం. ఎన్నాళ్ళు దెప్పావ్! అందుకే ఈసారి తూర్పంతా తెరిచున్న చోటు వెతికా. పొద్దు దిగేటప్పుడు మన నీడ ఎటు సాగుతుందో గ్రహణం రోజు చంద్రుడు అటే వస్తాడు. మందుల షాపావిడ వాళ్ళ గోడౌను ఇటే, ఈ మైదానం సంగతి ఆవిడే చెప్పింది.”

నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి. ఈ పిచ్చి మారాజు నాకోసం ఊరంతా నీడలు చూసుకుంటూ తిరిగాడా! ఆయన ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని ఆకాశం చూపిస్తూ చెప్పుకుపోతూనే ఉన్నాడు. గోడౌన్ల మలుపు వచ్చింది. నా కాలు దానంతటదే కిందున్న బ్రేకు నొక్కేసింది. నేర్పే కార్లో పక్కసీటుకీ ఒక బ్రేకుంటుంది. కారు నెమ్మదించి, మలుపు వెనక రంగు వెయ్యని స్పీడు బ్రేకరు మీంచి మెత్తగా దిగింది.

అక్కడ అదొకటుందని కొత్తవాళ్ళకి తెలియదు. మొన్న నాలా స్కూటరు మీంచి పడబోయినవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది.

మైదానంలో దిగాం. చంద్రుడు వచ్చాడు. తుప్పుపట్టిన పళ్ళెంలా ఉన్నాడు, ఓ అంచు మాత్రం తెల్లగా. అడ్డం ఒక్క గోడ లేదు, ఒక్క స్తంభం లేదు. ఇంత బాగుంటుందని నేననుకోలేదు. ఆయన మాత్రం నన్నే చూస్తున్నాడు.

“ఇటు ఎప్పుడొచ్చావ్?”

నేను చంద్రుడి వైపే చూస్తూ నిలబడ్డాను.

“ఆవిడ బ్యాచ్ మార్చింది అందుకేనా?”

“మీరు చెప్పకుండా తిరుగుతుంటే నేనేమనుకోవాలి?” గట్టిగానే అన్నాను.

“నన్నడగొచ్చుగా,” అన్నాడు. అంతే. గ్రహణం పూర్తిగా వదిలేదాకా నిలబడే ఉన్నాం.

ఇప్పుడాయన క్లాసుకి బయలుదేరే ముందు రోజూ గుమ్మంలో ఆగుతాడు. కార్లో ఎవరున్నారో, ఏ రోడ్డున వెళ్తాడో, ఎక్కడ వెనక్కి తిప్పుతాడో చెప్పి వెళ్తాడు. నేనడగలేదు. దెప్పుతున్నాడేమోనని మొహంలోకి చూస్తాను. లేదు, మామూలుగానే చెప్తాడు. అలా చెప్పొద్దండీ అనాలని ప్రతిసారీ అనుకుంటాను, అనలేను. ఆయన వెళ్ళాక, చెప్పిన టైముకి వస్తాడా రాడా అని గడియారం చూస్తూ కూర్చుంటాను.