దోర రేగు రంగు

నేను ఒక ఇత్తడి పూసను. కందిగింజలో సగం ఉంటాను. ఎలీషా మాస్టారి ఎరల పెట్టె గోదావరిలో పడిపోయిన రోజు దాకా నన్ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అది ఫిబ్రవరి నెల. కొవ్వూరు రేవు నుంచి మాస్టారు పోలయ్య పడవలో నది మధ్య లంక దాకా వెళ్లారు. పెట్టె మూత తీసి ఒడిలో పెట్టుకున్నారట. పడవ ఒరిగింది, పెట్టె జారింది. నేను అక్కడ లేను. పోలయ్య ఆయన్ని దిగబెట్టడానికి వచ్చి, వాకిట్లో నిలబడి చెబుతుంటే విన్నాను.

"ఈకలూ దారాలేగదండి మేస్టారూ. మళ్లీ కట్టుకుంటారు," అన్నాడు.

మాస్టారు "అవును" అన్నారు.

ఆ పెట్టెలో ఆయన భార్య విక్టోరియా టీచరు రంగు వేసిన పూసలన్నీ ఉన్నాయి. ఆమె పోయి అప్పటికి మూడు నెలలు. ఆమె చేతి రంగు ఉన్నవాళ్లలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. ఎక్కడో పెద్ద ఊళ్లో ఒక లేతు మిషను ఇత్తడి కడ్డీని తిప్పుతూ నన్ను కోసింది, మధ్యకు తొలిచింది. నాతోబాటు వందమంది అక్కచెల్లెళ్లు. ప్లాస్టిక్ సంచిలో, పోస్టులో కొవ్వూరు వచ్చాం. మా పని ఏమిటో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. మాస్టారు కోడి ఈకలు, కుందేలు బొచ్చు, కుట్టుదారం గాలానికి చుట్టి పురుగులాంటిది ఒకటి కడతారు. దానికి తల మేము. మా బరువుకు అది నీళ్లలో మునుగుతుంది. చేప దాన్ని పురుగనుకోవాలి. ఒక చేపను మోసం చెయ్యడానికి మనిషి ఇంత ఓపిక పడతాడని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. పోలయ్య కూడా నమ్మేవాడు కాదు.

"ఏంటండి మేస్టారూ, పెళ్లికూతురిని ముస్తాబు చేసినట్టు చేస్తున్నారు? రెండు ఎర్రలు గుచ్చి పారేస్తే పోద్ది కదండీ!"

"ఎర్రను గుచ్చడమే నీ పని. దీన్ని నేను కట్టాలి," అనేవారు ఆయన. లెక్కల మాస్టారు. అంతకన్నా వివరించరు.

ఏటా జూలైలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ఎగువ వానలకు మట్టి కలుపుకుని వచ్చే మొదటి వరద. ఆ నీళ్లలో ఉత్త ఇత్తడి మెరుపు పనికిరాదు, రంగు కావాలి అన్నారు మాస్టారు ఒక ఏడు. టీచరు బడిలో డ్రాయింగు చెప్పేవారు. పింగాణీ పలకల మీద పిల్లల చేత పూలు వేయించడానికి తెచ్చిన క్రాఫ్టు ఇంకులు ఇంట్లో ఉన్నాయి. సన్నమూతి సీసాలు, మూత తీస్తే స్పిరిట్ వాసన. ఆమె నన్ను చీపురుపుల్లకు గుచ్చి, కాఫీరంగు ఒక చుక్క, ఆకుపచ్చ ఒక చుక్క వేసి, ఆఖరున ఎరుపును సూదిమొనతో తాకించారు. ఒళ్లు చల్లబడింది. ఆ ఇంకు అంత త్వరగా ఆరుతుంది. పైన గోళ్లకు పూసుకునే రంగులేని పాలిషు వేశారు. తర్వాత గాజు గ్లాసులో గోదావరి నీళ్లు పోసి, నన్ను ముంచి, కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు.

"పొడిగా ఉన్నప్పుడు బావుంటే ఏం లాభమండీ? చేప చూసేది నీళ్లలోనేగా."

"ఇది ఏ రంగు?" అన్నారు మాస్టారు.

"దోర రేగుపండు. పచ్చిదీ కాదు, పండిందీ కాదు."

మొదటిసారి కుదిరిన రంగు కనక నమూనాగా ఉంచుదామని మాస్టారు నన్ను పిన్నీసుకు గుచ్చి తూర్పు కిటికీ తెరకు పెట్టారు. తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాను. నా అక్కచెల్లెళ్లు డజన్ల లెక్కన రంగు వేయించుకుని నదిలోకి వెళ్లారు. కొందరు రాళ్లకు చిక్కుకున్నారు. ఇద్దరో ముగ్గురో నిజంగానే చేప నోటి దాకా వెళ్లొచ్చారు; ఆ ఆదివారాల్లో ఇల్లంతా పులుసు వాసన.

ఒక విషయం చెప్పాలి. ఆ తొమ్మిదేళ్లలో రంగు కలిపేటప్పుడు టీచరు నా వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఆమెకు అవసరం లేకపోయింది. చుక్కల లెక్క ఎక్కడా రాయలేదు కూడా. రాసి పెట్టమని మాస్టారు అంటే, "నేనున్నానుగా," అనేవారు.

పెట్టె పోయిన మర్నాడు మాస్టారు నన్ను తెర నుంచి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ఆమె సీసాలు బల్ల మీద వరసగా పేర్చారు. గళ్ల కాగితం మీద చుక్కల సంఖ్యలు రాస్తూ, కొత్త పూసలకు రంగు వేస్తూ, ఒక్కొక్కదాన్నీ నా పక్కన గ్లాసులో ముంచి చూసేవారు. మార్చి, ఏప్రిల్, మే. ఆదివారం చర్చికి వెళ్లినా వేళ్లకు ఆకుపచ్చ మరకలే. ఎర్రనీరు వచ్చే లోపల ఆ రంగు మళ్లీ చెయ్యాలి. ఆయనకు అంతకన్నా వేరే కోరిక ఉన్నట్టు కనపడలేదు. రంగు మరిచిపోతే ఇంకేం మరిచిపోతానో అని ఒకసారి పైకే అన్నారు. గదిలో ఇంకెవరూ లేరు.

జూన్‌లో నూట నలభై మూడోసారి కుదిరింది. గ్లాసులో నేనూ కొత్త పూసా కవలల్లా ఉన్నాం. ఆయన రాజమండ్రిలో ఉన్న మరదలికి ఫోను చేశారు. "మీ అక్క రంగు దొరికింది రూతమ్మా. వచ్చి చూడు."

నాకు సంతోషం కలగలేదు. తొమ్మిదేళ్ల తూర్పు ఎండ నా మీద పడింది. ముందు ఎరుపు వెలిసింది, తర్వాత పచ్చదనం తగ్గింది. మిగిలింది ఎండిన తమలపాకు రంగు. రోజుకు రవ్వంత చొప్పున జరిగింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. నమూనా అని పేరు పెట్టాక మనుషులు దాన్ని ఇక అనుమానించరు. ఆయన నాలుగు నెలలు కష్టపడి టీచరు రంగును కాదు, ఎండ రంగును చేశారు.

రూతు ఇరవై ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డలు అమ్ముతోంది. గ్లాసు చూసింది. లేచి కిటికీ తెర దగ్గరకు వెళ్లింది.

"ఈ తెర ఏ రంగండీ బావగారూ?"

"లేత నీలం."

ఆమె కింది మడత కుట్టు రెండు అంగుళాలు విప్పి తిప్పి చూపించింది. లోపల సిరా అంత ముదురు నీలం. "మా కొట్లో గుడ్డే కదండీ. నేను ఇచ్చింది ఇదీ."

మాస్టారు తెరనూ నన్నూ మార్చి మార్చి చూశారు.

"పాత చీరకు జాకెట్టు ముక్క కావాలని వస్తే మేం పైరంగు చూడమండి. ఫాల్ విప్పి చూస్తాం. ఎండ తగలని చోట."

"పూసకు ఫాల్ ఎక్కడుంటుంది?" అన్నారు మాస్టారు. రూతు నవ్వబోయి ఆగింది. ఆయన నిజంగానే అడుగుతున్నారు. కాసేపటికి ఆయనే నన్ను వేళ్ల మధ్య తిప్పి, రంధ్రం వైపు భూతద్దం పెట్టారు. చుక్క వేసినప్పుడు ఇంకు నా లోపలికి కూడా దిగింది. అక్కడికి ఎండ ఎన్నడూ రాలేదు. వెలుగూ రాదు, అందుకే ఎంత చూసినా నలుపే కనపడింది. రంగు తెలియాలంటే నన్ను రెండుగా కోయాలి.

"కోసెయ్యండి," అంది రూతు.

"ఇదొక్కటే ఉందమ్మా."

"మీకు అక్క రంగు కావాలా, అక్క పూస కావాలా?"

ఆయన గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న వైసులో నన్ను బిగించి, ఆకురాయి తీసుకుని ఒక్కసారి రుద్దారు. పాలిషు చిట్లి సన్నని గీత పడింది. చెయ్యి ఆగిపోయింది. లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చెయ్యమని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన మనిషి. ఇది ఒక్కసారే చెయ్యగల లెక్క.

జూలైలో పోలయ్య వాకిట్లోంచే కేకేశాడు. "మేస్టారూ, ఎర్రనీరొచ్చిందండి! పడవ కడిగి ఉంచాను, రండి."

"రంగు కుదరలేదు పోలయ్యా."

"చేప రంగు అడిగిందేంటండీ?"

"చేప కాదు," అన్నారు మాస్టారు.

పోలయ్య ఇంకేం వెక్కిరించకుండా వెళ్లిపోయాడు.

నన్ను అడిగితే కోయమనే అంటాను. నేను గాలం ఎక్కలేదు, నీళ్లలోకి దిగలేదు. నా వల్ల ఏదైనా పని జరిగేదుంటే అది ఇదే. కానీ నా మీద ఆమె పూసిన పాలిషు ఉంది, అందులో ఆమె వేలిముద్ర కొంచెం పడింది. భూతద్దం పెట్టినప్పుడు ఆయన దాన్నీ చూశారు.

అక్టోబరు వచ్చింది. గోదావరి తేరుకుంది. నేను వైసులోనే ఉన్నాను. ఆయన నన్ను ఇంకా కోయలేదు.