మూరెడు ఎక్కువ

ఎక్కడో జర్మనీవాడితో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ సిద్దిపేటలో గొర్రెల ఉన్ని ధరకు రెక్కలొచ్చాయి. పట్టాళానికి గొంగళ్లు నేయించి ఇస్తానని గుత్తేదారు బుచ్చయ్య సేటు సర్కారుకు మాటిచ్చాడు. గొర్రెలు కాసి గొంగళ్లు నేసే కురుమవాడలో ఆయన పంచే ఉన్నికి జవాబుదారీ దుర్గయ్యది. పెద్దమనిషివని భుజం తట్టి మరీ ఆ బరువు అంటగట్టారు.

గొంగళ్ల లెక్క నిండకముందే ఉన్ని అయిపోతూ వచ్చింది. సేటు సర్కారును మళ్లీ మళ్లీ పైసలడిగాడు. అడిగినప్పుడల్లా కురుమోళ్లు ఉన్ని దొంగిలిస్తున్నారని చెప్పాడు. చివరికి పట్టాళం నుంచి ఒక దొర తనిఖీకి వచ్చాడు. దొంగతనం రుజువైతే దుర్గయ్యకు జైలే. గుప్పెడు ఉన్ని ఇంటికి తేని మనిషి, ఆ మాట పడ్డప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు.

దొర కొలతతాడు తెప్పించి గొంగడి మీద పరిపించాడు. మూరెడు ఎక్కువుంది. ఏది తీసినా అంతే.

దుర్గయ్య తాడు అందుకుని తనే మళ్లీ కొలిచాడు. తాడు కొలతకు గుంజలు పాతింది తనే. వాటి మధ్య పడుగు పోసేది భార్య లచ్చవ్వ. పోసిన పడుగంతా నేసి దింపడమే మగ్గాలవాళ్ల పని. గొర్రెలకాడ తలమీంచి కప్పుకునే గొంగడి ఎప్పుడూ అంత పొడుగే కనుక ఎవరి చేతికీ తేడా తెలియలేదు.

లచ్చవ్వ ముందుకొచ్చింది.

"గుంజ నేనే జరిపిన దొరా. మా కొడుకు నర్సింహగాడు పల్టన్ల ఉన్నడు. చిన్నప్పటిసంది నెత్తి కప్పుకోంది పండడు. మీ తాడు కొలతకు కాళ్లు కప్పుకుంటే నెత్తి బయటవడ్తది."

"ఒక్కటి పొడుగు చేస్తే సరిపోయేది కదమ్మా. అన్నీ ఎందుకు?"

"వాని చేతికి ఏది వస్తదో నాకేమెరుక?"

దొర గొంగడి మడతపెట్టించాడు. తర్వాత సేటు వైపు తిరిగి, "ఇన్నిసార్లు పైసలడిగారు, ఒక్కటైనా కొలిచి చూశారా?" అన్నాడు. సేటు కండువా సర్దుకున్నాడు. ఇక ఎక్కువ పైసలు రావని దొర తేల్చి చెప్పాడు. నేసినవాటిని మాత్రం కోయొద్దన్నాడు.

"తక్కువవడ్డ బొచ్చు మా మందది కత్తిరించి ఇస్త. జవాబుదారీ నాది," అన్నాడు దుర్గయ్య.

ఇంటికి పోతూ భార్య మీద విరుచుకుపడ్డాడు. "నాతోనన్న చెప్పొద్దానే?"

"చెప్తే వద్దంటవ్. నీకు మాట ముఖ్యం."

కొడుకు పట్టాళంలోకి పోయినప్పటి నుంచి ఆమె ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదని దుర్గయ్యకు అప్పుడే గుర్తొచ్చింది.

మంద ఉన్నంతా పట్టాళానికే పోయింది. ఆ ఏడు ఇంట్లో కొత్త గొంగడి లేదు, ఇద్దరికీ కలిపి ఒక చిరుగుల పాతదే. మంచు దట్టంగా పడిన ఒక తెల్లవారుజామున దుర్గయ్యకు మెలకువ వచ్చింది. లచ్చవ్వ ముడుచుకుని పడుకుంది, తల బయటే ఉంది. తన కాళ్ల మీది గొంగడి లాగి ఆమె నెత్తిన కప్పాడు.

"నీ కాళ్లో?" అంది ఆమె కళ్లు తెరవకుండానే.

"వాడు నెత్తి కప్పుకొనే పండి ఉంటడు. నువ్వు పండు," అన్నాడు దుర్గయ్య.