పొగ లేని నిప్పు

ముసురు పట్టి వదలడం లేదు. ఇస్త్రీకి వచ్చిన తెల్లబట్టలు గుట్టగా పేరుకుపోయాయి. ఎప్పుడూ వసారాలో ఉండే బల్లను అత్త ఈసారి లోపలి గదిలో వేయించింది. గాలి విసురుకు ఇస్త్రీపెట్టెలోని బూడిద లేచి చొక్కాల మీద పడుతుందని కిటికీ మూసింది. తలుపు కింది సందులో గోనెసంచి కుక్కింది. బొగ్గులు ఎర్రగా రాజుకుని, పొగంతా పోయాకే పెట్టెను లోపలికి తెచ్చేది కాబట్టి ఆమెకు ఏ అనుమానమూ లేదు.

“అత్తయ్యా, తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది,” అంది కోడలు.

“బట్టలు ఇచ్చి రమ్మంటే మాత్రం లేడిపిల్లలా పరిగెడతావ్! వీధిలోకి వెళ్తే పోయే తలనొప్పి బల్ల దగ్గరికి రాగానే పట్టుకుంటుందా? మా కాలంలో దీన్ని ఒళ్లు బద్ధకమనేవాళ్లు.”

“మీరొక్క పూట నిలబడి చూడండి, తెలుస్తుంది.”

“నిలబడే నీ మొగుణ్ణి పెంచాను తల్లీ!”

అత్త విసురుగా పక్కగదిలోకి వెళ్లి దేవుడి ముందు కూర్చుంది. కోడలికి కాస్త బుద్ధి ఇవ్వమని చేతులు జోడించిందో లేదో, దబ్బుమని చప్పుడైంది.

కోడలు నేల మీద పడి ఉంది. “ఏ దిష్టి తగిలిందే తల్లీ!” అంటూ అత్త నీళ్లకు పరుగెత్తింది. అంతలో తన బట్టలకోసం వచ్చిన నర్సు తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

“నీళ్లు తర్వాత పిన్నిగారూ! ముందు బయటికి లాగండి!”

ఇద్దరూ కలిసి ఆమెను వసారాలోకి చేర్చారు. చల్లగాలి తగిలి కాసేపటికి కళ్లు తెరిచింది. నర్సు వెంట ఉండి తీసుకెళ్లిన ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టారు. గండం గడిచిందన్నారు.

“పొగే లేదు కదమ్మా! చూసే తెచ్చాను. వీధిలోకి వెళ్తే పోయే తలనొప్పి బల్ల దగ్గరే పట్టుకుంటోందంటే బద్ధకమనుకున్నాను,” అంది అత్త నర్సుతో.

“పొగైతే కంటికి కనబడుతుంది, జాగ్రత్తపడతాం. బొగ్గు కాలినప్పుడు పుట్టే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. మూసిన గదిలో నిండిపోయి, రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట తిష్ఠ వేస్తుంది. బయటికి వెళ్తే తేరుకోవడం, లోపలికొస్తే తలనొప్పి రావడం దాని గుర్తే. మీరు సరిగ్గానే కనిపెట్టారు పిన్నిగారూ. కాకపోతే బద్ధకమని పేరు పెట్టారు.”

అత్త కోడలి మంచం పక్కన కూర్చుని ఆమె నుదురు నిమిరింది.

“నీకు బుద్ధి ఇమ్మని దేవుణ్ణి అడిగానే. ఆయనకు ఎవరికి కావాలో తెలుసు.”

“మరి పెట్టె కింద వదిలేసిన చొక్కా మాడిపోయుంటుంది కదా అత్తయ్యా?”

“మాడనీ. చొక్కాలు అంగట్లో దొరుకుతాయి.”

మర్నాడే బల్ల వసారాకు చేరింది. జల్లు కొట్టినంతసేపూ పని ఆపేసేవారు. బట్టలు ఆలస్యమయ్యాయని కొందరు సణిగినా అత్త చలించలేదు. చలికి తలుపులు బిగించుకుని కుంపటి పెట్టుకునే ఇళ్లకు తానే వెళ్లింది.

“పొగ లేదు కదాని నిప్పును గదిలో పెట్టి మూయకండి. ఇంట్లో మనిషి తల తిరుగుతోందంటే ముందు ఆ మాట నమ్మండమ్మా. కారణం తర్వాతైనా వెతుక్కోవచ్చు, పోయిన మనిషిని వెతుక్కోలేం.”